బాలాజీ కాలనీ స్టడీ హాల్, సీటు నంబర్ 41: పద్నాలుగు నెలలు కూర్చున్నాక నా రివ్యూ

పద్నాలుగు నెలలుగా నేను కూర్చుంటున్న చోటు ఇది, ఇప్పుడు నెలకు 900 రూపాయలు. తిరుపతి బాలాజీ కాలనీలో ఒక సందు, కింద మెడికల్ షాపు, పైన రెండో అంతస్తు. పేరు రాస్తానని ఓనరన్నను అడిగితే, "వద్దులేమ్మా, ఇప్పుడే సీట్లు లేక వచ్చినోళ్లను వెనక్కి పంపిస్తా ఉండా. పేరు పెడితే ఇంక ఫోన్ ఆగదు" అన్నాడు. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. యూనివర్సిటీ చుట్టుపక్కల ఇలాంటి హాళ్లు చాలానే ఉన్నాయి. మీరు వేరేచోట చేరినా ఏం చూసుకోవాలో తెలుస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొత్తం 84 సీట్లు. ఒక్కో సీటుకు ప్లైవుడ్ అడ్డం, పైన చిన్న ట్యూబులైటు, ఒక ప్లగ్గు, పుస్తకాలకు అర. ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకా తెరిచి ఉంటుంది. ఫిక్స్‌డ్ సీటు 900, ఖాళీ ఉన్నచోట కూర్చునే సీటు 650, ఏసీ గది 1,500. అడ్వాన్సు 300. కరెంటు పోతే ఇన్వర్టర్ రెండు గంటలు లాగుతుంది. రెండు తెలుగు పేపర్లు, ఒక ఇంగ్లీషు పేపరు వస్తాయి. వైఫై ఉంది కానీ సాయంత్రం ఆరు దాటితే తిరుగుతూనే ఉంటుంది. ఆడవాళ్లకు గోడ పక్కన 26 సీట్ల వరస విడిగా ఉంది. రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి వెళ్లేవాళ్లకు ఆటో దొరికేదాకా ఓనరన్న గానీ, వాళ్ల తమ్ముడు గానీ కింద నిలబడతారు. ఈ ఒక్క కారణంతోనే మా అమ్మ ఒప్పుకుంది.

నేను ఇక్కడికి ఎలా వచ్చానో చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. బీకాం చేసి ఏడేళ్లు బెంగళూరులో ఒక ఆఫీసులో ఇన్‌వాయిస్‌లు చూసేదాన్ని. విదేశీ కంపెనీలకు వచ్చే బిల్లులు తెరిచి, నంబర్లు సరిచూసి, సిస్టంలో ఎక్కించడం నా పని. తర్వాత బిల్లును తానే చదివి నంబర్లు నింపే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మొదట్లో అది చేసే తప్పులు దిద్దడానికి మమ్మల్నే కూర్చోబెట్టారు. మేము దిద్దేకొద్దీ దాని తప్పులు తగ్గాయి. 22 మంది టీమ్ ఆరుగురైంది. 2024 ఆగస్టులో ఒక శుక్రవారం మధ్యాహ్నం చిన్న గదిలోకి పిలిచి, రెండు నెలల జీతం ఇచ్చి, ఐడీ కార్డు తీసుకున్నారు. నా పనిలో లోపం ఉందని ఎవరూ అనలేదు. ఆ పనే లేకుండా పోయింది.

కొర్లగుంటలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. మొదటి వారం నిద్ర. రెండో వారం రెజ్యూమె. మూడో నెలకు వచ్చేసరికి పొద్దున ఎన్నింటికి లేచానో, మధ్యాహ్నం ఏం చేశానో అడిగితే చెప్పలేని స్థితి. చేతిలో రోజంతా ఉంది, చిన్న పని కూడా పూర్తయ్యేది కాదు. గ్యాస్ బుక్ చేయాలనుకుని నాలుగు రోజులు గడిపాను. ఇంటికి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి పోయేదాన్ని. "ఇంకా ఇంట్లోనే ఉండావా పాపా?" అని పక్కింటి అవ్వ ప్రేమగానే అడిగేది. ఆ మాటకే రాత్రంతా నిద్ర పట్టేది కాదు.

మధ్యలో ఒక జాబ్ కన్సల్టెన్సీకి 5,000 కట్టాను. అకౌంట్స్ ఉద్యోగం అని చెప్పి మూడుసార్లు ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే ఇంటర్వ్యూలకు పంపారు. డబ్బు తిరిగి రాలేదు. ఉద్యోగం పోయినవాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు అని ముందే అడిగే ఎవరికీ డబ్బు కట్టకండి. జీతం ఇచ్చే కంపెనీ మీ దగ్గర ఫీజు తీసుకోదు.

అట్లా నవంబరులో మా తమ్ముడు బలవంతంగా కారెక్కించి ఈ హాల్ ముందు దించాడు. మొదటి నెల డబ్బు వాడే కట్టాడు.

మొదటి రోజు నేను చదివింది పదకొండు పేజీలే. కానీ ఆ రోజు ఏం చేశానో రాత్రి అమ్మకు చెప్పగలిగాను. ఎనిమిదికి వెళ్లాను, పదిన్నరకు టీకి కిందికి దిగాను, ఒంటిగంటకు క్యారియర్ తిన్నాను, ఏడుకు బయటపడ్డాను. ఉద్యోగం పోయాక ఇట్లా గంటలు చెప్పడం అదే మొదటిసారి.

ఓనరన్న రోజూ బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తాడు. ఆయన కూడా గ్రూప్-1 కోసం తొమ్మిదేళ్లు చదివినవాడే. వయసు దాటిపోయాక నాన్న రిటైర్మెంట్ డబ్బుతో ఈ హాల్ పెట్టాడు. ఒక రోజు బోర్డు మీద "మారియంతాల్ అంటే ఏమిటి?" అని రాశాడు. ఎవరికీ తెలియలేదు. సాయంత్రం ఆయనే చెప్పాడు. ఆస్ట్రియాలో అదొక చిన్న ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. ప్రపంచమంతా మాంద్యంలో పడినప్పుడు ఆ మిల్లు మూతపడింది. 1930ల మొదట్లో మేరీ యహోదా, ఇంకొందరు పరిశోధకులు అక్కడికి వెళ్లి 478 కుటుంబాలను దగ్గర నుంచి చూశారు. పని లేదు కాబట్టి తీరిక బోలెడు. కానీ ఊరి లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం పెరగలేదు, సగానికి సగం పడిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గింది. రోజులో ఏం చేశావో గంటగంటకూ రాయమంటే చాలామంది రాయలేకపోయారు.

ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మూడు నెలలు నేను సోమరిగా మారిపోయానని నన్ను నేను తిట్టుకున్నాను. తొంభై ఏళ్ల కింద, ఎక్కడో ఆస్ట్రియాలో, మిల్లులో ఒళ్లు వంచి పనిచేసిన మనుషులకు కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఉద్యోగం నెలజీతం ఒక్కటే ఇవ్వదని, రోజుకు ఒక ఆకారం, నలుగురు మనుషులు, ఎవరన్నా "ఏం చేస్తుంటావు" అని అడిగితే చెప్పడానికి ఒక జవాబు కూడా ఇస్తుందని యహోదా తర్వాత కూడా చాలాకాలం చెబుతూ వచ్చింది. ఈ హాల్ 900కు ఇస్తున్నది అందులో కొంత. జీతం ఇవ్వలేదు, కానీ గడియారాన్ని తిరిగి ఇచ్చింది. నేను దీనికి ఎక్కువ మార్కులు వేసేది అందుకే, ట్యూబులైటు కోసం కాదు.

గ్రూప్-2 సిలబస్‌లో నిరుద్యోగిత మీద ఒక పాఠం ఉంటుంది. వ్యవస్థాపూర్వక (పరిశ్రమలే మారిపోయి పని పోవడం), చక్రీయ (మాంద్యం వచ్చి పని పోవడం), రుతుసంబంధ (సీజన్‌లోనే పని ఉండడం), ప్రచ్ఛన్న (అవసరానికి మించి మనుషులు ఒకే పని మీద ఉండడం) అని రకాలు. పుస్తకంలో బట్టీ పట్టేదాన్ని. తర్వాత తలెత్తి మా వరస చూస్తే ఆ పాఠమంతా అక్కడే కూర్చుని ఉంది.

నా పక్కన 42లో కూర్చునే అక్కది పూతలపట్టు దగ్గర. వాళ్లమ్మకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జూన్, జూలై పని. బెంగళూరా (తోతాపురి) మామిడికాయ దిగినన్నాళ్లు రెండు షిఫ్టులూ రమ్మంటారు, సీజన్ అయిపోతే గేటు మూస్తారు. మిగతా నెలల్లో దొరికితే కూలి, దొరక్కపోతే లేదు. అక్క ఫీజు కట్టేది ఆ రెండు నెలల డబ్బుతోనే. అందుకే ఆగస్టులోనే ఆరు నెలలకు ఒకేసారి కట్టేస్తుంది, ఓనరన్న ఒక నెల తగ్గిస్తాడు.

మా తమ్ముడిది ఇంకో కథ. వాడు తిరుమలకు టాక్సీ నడుపుతాడు. 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. మళ్లీ జూన్‌లో కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. ఆ మధ్య కాలంలో వాడి కారు ఇంటి ముందు కదల్లేదు. కారు తిరగకపోతే మెకానిక్‌కు పని లేదు. యాత్రికులు రాకపోతే లాడ్జీలో గదులు ఊడ్చే ఆమెకు పని లేదు, మా అమ్మ కట్టే పూలకు గిరాకీ లేదు. వాళ్లెవరూ షాపుల్లో ఖర్చుపెట్టకపోతే ఆ షాపులో కుర్రాడిని మానిపిస్తారు. ఒకరి ఖర్చు ఇంకొకరి జీతం అని ఎకనామిక్స్ సార్లు చెప్పేది తిరుపతిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1933లో అమెరికాలో పనివాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి పని లేకపోవడం వెనక కూడా ఇదే గొలుసు. అంతమంది ఒక్కసారిగా సోమరులైపోరు కదా. కొనేవాడు ఆగిపోతే చేసేవాడికి పని ఉండదు. కారు లోను వాయిదాలకు రిజర్వ్ బ్యాంకు ఆ ఏడు ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చింది, నిజమే. కానీ వడ్డీ ఆగలేదు. ఆ బాకీ తీరడానికి మా తమ్ముడికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

57లో కూర్చునే అన్న వాళ్ల నాన్న చెరకు రైతు. గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు రెండూ మూతపడ్డాక చెరకు మానేశాడు. అంతకుముందే 2002లో చిత్తూరు డెయిరీ మూతపడింది. ఫ్యాక్టరీ మూసినప్పుడు అందులో పనిచేసేవాళ్ల లెక్కే పేపర్లో వస్తుంది. చెరకు నరికేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, గేటు ముందు టీకొట్టు పెట్టుకున్నామె ఏ లెక్కలోనూ రారు. ఇప్పుడు వాళ్లకున్న రెండెకరాల మీద నాన్న, అన్న, తమ్ముడు ముగ్గురూ ఉన్నారు. ఇద్దరు చాలు ఆ పనికి. అన్న హాల్‌కు వచ్చేసినా పంట ఒక్క బస్తా కూడా తగ్గలేదు. ప్రచ్ఛన్న నిరుద్యోగిత అంటే ఏమిటో నాకు ఆయన మాటల్లోనే అర్థమైంది: "నేను ఊర్లో లేకపోయినా మడికి తెలీదు."

ఇక నేను. లెక్కల ప్రకారం నేను నిరుద్యోగినే కాకపోవచ్చు. సాయంత్రం ఇంటికి వెళ్లాక అమ్మతో కలిసి గంటసేపు పూలు కడతాను. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వేలో వారం లెక్క తీసేటప్పుడు, ఆ వారంలో ఒక్క రోజైనా ఒక్క గంట పని చేసినవాళ్లు ఉద్యోగంలో ఉన్నట్టే. జీతం తీసుకోకుండా ఇంటి వ్యాపారంలో సాయం చేసినా పనే. ఇక పరీక్షలకు చదువుకుంటున్నాం, ఇప్పుడు పని వెతకడం లేదు అని చెప్పేవాళ్లు అసలు శ్రామికుల లెక్కలోకే రారు. 2023-24లో దేశంలో నిరుద్యోగ రేటు 3.2 శాతం అన్నారు, అది వారం లెక్క కాదు, ఏడాది మొత్తం చూసే లెక్క. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 10.2 శాతం. చదువు పెరిగేకొద్దీ ఆ రేటు పెరుగుతుంది కూడా. చదువులేని పేదవాడు పని లేకుండా వారం కూడా ఉండలేడు, ఏది దొరికితే అది చేస్తాడు. ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లే వేచి ఉండగలరు. ఆ లెక్క తప్పని నేను అనడం లేదు, ప్రపంచమంతా దాదాపు ఇదే పద్ధతి. కానీ మా 84 సీట్లలో ఎంతమంది ఆ 3.2లో ఉన్నారని ఓనరన్న ఒకసారి చేతులెత్తమన్నాడు. ఎవరెవరు ఏ గడిలోకి వస్తారో చూసుకుంటూ పోతే మిగిలింది పంతొమ్మిది మంది. ఆ సాయంత్రం చాలాసేపు ఎవరూ సీట్లకు వెళ్లలేదు.

శ్రీసిటీలో, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో పనులున్నాయి కదా, అక్కడికి పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పోయినవాళ్లున్నారు. మా వరసలోనే ఇద్దరు అమ్మాయిలు ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిది నెలలు కాంట్రాక్టు మీద చేసి, కాంట్రాక్టు అయిపోయి తిరిగొచ్చారు. వాళ్లు పనికి భయపడినవాళ్లు కాదు. తెల్లవారుజామున బస్సెక్కి నిలబడి పనిచేసినవాళ్లే. అక్కడ కావలసింది డిప్లొమా, ఐటీఐ, ఇరవైల మొదట్లో ఉన్న వయసు. నా బీకాం, ఏడేళ్ల ఇన్‌వాయిస్‌ల అనుభవం, ముప్పై ఒకటి వయసు అక్కడ దేనికీ సరిపోవు. ఖాళీలు ఒకచోట, మనుషులు ఇంకోచోట, నైపుణ్యాలు మరోచోట ఉన్నాయి. నేను ఇప్పుడు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటున్నది అందుకే.

విదేశాల్లో ఉద్యోగం పోతే ప్రభుత్వం కొన్ని నెలలు భృతి ఇస్తుందని చదివాను. బ్రిటన్‌లో 1911 నుంచీ, అమెరికాలో 1935 నుంచీ అలాంటి బీమా చట్టం ఉంది. మన దగ్గర ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు అటల్ పేరుతో ఒక పథకం ఉంది, ఉద్యోగం పోతే తొంభై రోజుల వరకు సగటు జీతంలో సగం ఇస్తారు. చాలామందికి తెలియదు, మీ జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉంటే తప్పకుండా కనుక్కోండి. నా జీతం 24,000. అప్పుడు ఈఎస్ఐ జీతం పరిమితి 21,000. నాకు వర్తించలేదు. నా నిరుద్యోగ బీమా మా అమ్మ పూలు, మా తమ్ముడి కారు.

ఇప్పుడు ఈ హాల్‌లో నాకు నచ్చనివి.

ఆడవాళ్లకు ఒకటే బాత్రూమ్. 26 సీట్లకు ఒకటి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం రెండుకు వరసలో నిలబడాలి. చాలామంది నీళ్లు తాగడం తగ్గించేశారు, ఇద్దరికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఓనరన్నకు మూడుసార్లు చెప్పాం. చోటు లేదంటాడు. లాకర్ల గది తీసేసి కట్టొచ్చు, మేము పుస్తకాలు ఇంటికి మోసుకుపోతాం. ఇది చదివి అయినా కట్టించాలని కోరుతున్నాను.

కుర్చీలు ప్లాస్టిక్‌వి. రెండు నెలల్లో నడుం పట్టేస్తుంది, దిండు తెచ్చుకోండి. ఏసీ గదిలో చలి, మాటలు రెండూ ఎక్కువ, ఆ 600 మిగుల్చుకోండి. మే నెలలో గంగమ్మ జాతర వారం డప్పుల మోతకు చదువు సాగదు, కానీ దాని గురించి ఫిర్యాదు చేయను. ఆ వారం హాల్‌లో అందరి ముఖాలు నవ్వుతూ ఉన్నాయి.

ఫీజు ఒక్కసారి పెంచాడు, 800 నుంచి 900కు. అదీ డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిన నెలలోనే. 16,347 పోస్టులు అనగానే ఊళ్ల నుంచి అందరూ తిరుపతి వచ్చేశారు, సీట్లకు గిరాకీ పెరిగింది. నాకది బాధ కలిగించింది, ఆయనకు చెప్పాను కూడా. సెప్టెంబరులో మా హాల్ నుంచి ముగ్గురికి టీచర్ ఉద్యోగాలు వచ్చాయి. వాళ్లకు నెలలో మిగిలిన రోజుల డబ్బు లెక్కగట్టి తిరిగిచ్చాడు. మానేసి ఊరికి వెళ్లిపోయేవాళ్లకు మాత్రం ఇవ్వడు. అది తప్పు. మానేసేవాళ్లకే ఆ 400, 500 ఎక్కువ అవసరం.

ఇంకొక మాట కొంచెం కష్టంగానే రాస్తున్నాను. ఈ హాల్ మంచిదే, కానీ ఇది వేచి ఉండడాన్ని సులువు చేస్తుంది. గ్రూప్-2కు 2023 డిసెంబరులో 897 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. నాలుగు లక్షల మందికి పైగా ప్రిలిమ్స్ రాశారు. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో. మధ్యలో ఒక ఏడాది. ఆ ఏడాది మెయిన్స్‌కు అర్హత వచ్చినవాళ్లు ఉద్యోగంలో చేరలేరు, చేరితే చదవలేరు. ఇట్లాంటి ఏడాదులు రెండు మూడు కలిస్తే రెజ్యూమెలో పెద్ద గ్యాప్ అవుతుంది. నన్ను ఒక ఆడిటర్ ఆఫీసులో ఇంటర్వ్యూలో మొదట అడిగింది జీఎస్టీ గురించి కాదు, "సంవత్సరం ఏం చేసినారమ్మా?" అని. పని లేకపోవడమే పని దొరక్కపోవడానికి కారణమవుతుంది. 63లో కూర్చునే అన్నకు ముప్పై నాలుగేళ్లు. ఆయనకు రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి ఆగిపోయాయి. రెండోదాని తర్వాత టీకి కిందికి రావడం మానేశాడు. మేమే పైకి తీసుకెళ్లి ఇస్తున్నాం.

అందుకే చేరేవాళ్లకు నా సలహా ఒకటే. రోజులో రెండు గంటలు పరీక్షకు సంబంధం లేని పని ఒకటి చేతిలో పెట్టుకోండి, డబ్బు తక్కువైనా సరే. నేను డిసెంబరు నుంచి మా వీధిలో రెండు షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. నెలకు 1,600 వస్తుంది. నా సీటు ఫీజు ఈ నెల నేనే కట్టాను.

చదువుకోవడానికి చోటుగా ఐదుకు మూడున్నర. బాత్రూమ్‌కు ఒకటి. ఇంట్లో మూడు నెలలు పడుకున్న మనిషిని లేపినందుకు ఐదుకు ఐదు. చేరాలనుకునేవాళ్లు నెల 25వ తేదీ లోపల వచ్చి అడగండి, ఖాళీ అయ్యే సీట్లు ఆ రోజే తెలుస్తాయి. గోడ పక్కన వరసలో 38 ఫిబ్రవరి ఒకటి నుంచి ఖాళీ అవుతోంది, కిటికీ దగ్గర, గాలి బాగా వస్తుంది. 42లో అక్కను అడిగితే ఓనరన్న దగ్గరికి తీసుకెళ్తుంది.